చెంచురామయ్య రాసిన పడమటి హద్దు

రేపల్లె పాసింజరు వేమూరులో కదిలీ కదలకముందే వైరుబుట్టలోని పిల్లి నోరు విప్పింది.

అంతవరకూ చెంచురామయ్య పథకం సజావుగానే నడిచింది. తెనాలిలో బండెక్కే ముందు బుట్టకు తుండుగుడ్డ కప్పి, అంచుల వెంట పురికొస చుట్టి, పైన రెండు గోంగూర కట్టలు పరిచాడు. చూసినవాళ్ళకి ఆయన ఏ చెల్లెలింటికో ఆకుకూర పట్టుకెళ్తున్న అరవై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి. చినరావూరు వెళ్ళిపోయింది, జంపని వెళ్ళిపోయింది, బుట్ట కిక్కురుమనలేదు. వేమూరులో బండి కూత వేసింది. తననే పిలిచారనుకుందో ఏమో, లోపలి ప్రాణి గొంతెత్తి జవాబిచ్చింది. గోంగూర కదిలింది.

ఎదురు బల్ల మీద కిటికీకి తల ఆన్చి కునుకుతున్న మనిషి కళ్ళు తెరిచాడు. ముందు బుట్టను చూశాడు. తరవాత బుట్టను రెండు చేతులా పొదివి పట్టుకున్న మనిషిని చూశాడు.

"బాబాయ్‌గారూ! మీరేంటండీ ఈ బండిలో?"

ఎవరి కంట పడకూడదని చెంచురామయ్య ఏడు నెలలుగా సందులు మారి నడుస్తున్నాడో ఆ మనిషే ఎదురుగా ఉన్నాడు. అబ్దుల్ షుకూర్. తెనాలిలో కుట్టుమిషన్లు బాగుచేసే షుకూరు. ఏడు నెలల కిందటి దాకా పక్క ఫ్లాటు షుకూరు.

"ఊరికే... రేపల్లెలో చిన్న పనుండి."

"పనికి పిల్లిని వెంటబెట్టుకెళ్తున్నారా?" షుకూరు నవ్వాడు. "గోంగూర తింటదా ఇది?"

ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే చెంచురామయ్యకు కొంత నయంగా ఉండేది.

పిల్లిని వదిలించుకోవాలంటే నీళ్ళు దాటించాలని డెల్టాలో చాలామందికి నమ్మకం. గోతంలో వేసి, దారి తెలియకుండా నాలుగు మలుపులు తిప్పి, కాలవ అవతల వదిలితే తిరిగి రాదట. కానీ కృష్ణా డెల్టాలో కాలవ లేని దిక్కేది? పంటకాలవ, మురుగుకాలవ, పిల్లకాలవ, వాటి మీద మళ్ళీ తూము. ఎన్ని దాటితే పిల్లి లెక్క మరిచిపోతుందో ఎవరూ తేల్చలేదు. పిల్లిని చంపితే బంగారంతో పిల్లిని చేయించి దానమివ్వాలని పురోహితులు చెబుతారు గానీ, వదిలేసినవాడు ఏం చెయ్యాలో వాళ్ళూ చెప్పలేదు. చెంచురామయ్య భార్య సీతారావమ్మ, "అంగలకుదురులో మా పిన్ని దొడ్లో వదిలెయ్యండి, పాలు పోస్తారు," అంది. "అంగలకుదురు నించయితే సాయంత్రానికి నాకంటే ముందే ఇల్లు చేరుద్ది," అన్నాడాయన. రేపల్లె అయితే దూరం. పైగా చేపల ఊరు. తిండికి లోటుండదు. ఆ చివరి మాట ఆయన తనకు తాను చెప్పుకున్న ఓదార్పు.

ఆయన ఇలాంటి పనులకు పుట్టిన మనిషి కాదు. సొంతూరు కర్లపాలెం. బాపట్ల రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల పంచలో ముప్ఫయ్యారేళ్ళు దస్తావేజులు రాశాడు. తక్కిన లేఖరులు కక్షిదారు చెప్పింది చెప్పినట్టు రాసేసేవాళ్ళు. ఈయన సైకిలెక్కి పొలం దాకా వెళ్ళేవాడు. తూర్పున ఎవరి గట్టు, దక్షిణాన ఎవరి బోదె, పడమట ఎవరి సరుగుడు తోట, ఉత్తరాన ఏ డొంక, కాళ్ళతో నడిచి చూసుకున్నాకే కలం తీసేవాడు. అన్నదమ్ములు గట్టు దగ్గర కర్రలు పట్టుకున్నా, "రామయ్యగారి కాగితం తెండి," అనేవాడు ఊళ్ళో పెద్ద. కాగితం వచ్చాక కర్రలు దిగేవి. ఆయన జీవితంలో కట్టుకున్న మేడ ఏదైనా ఉంటే అదే. తప్పుడు హద్దు రాయలేదన్న పేరు.

కంప్యూటర్లు వచ్చాక పంచ ఖాళీ అయింది. కర్లపాలెం ఇల్లు అమ్మి, భార్య పుట్టింటివాళ్ళకు దగ్గరగా ఉంటుందని తెనాలిలో ఇరవై ఫ్లాట్ల గోదా రెసిడెన్సీలో మూడో అంతస్తున 302 కొనుక్కున్నాడు. చేరిన నెలకే సెక్రటరీని చేశారు. రాసేవాడు దొరికితే సంఘాలు వదలవు. అపార్టుమెంటు నిబంధనలు రాయమన్నారు. చాలా కాలానికి కలానికి పని దొరికింది. ఇరవై మూడు షరతులు రాశాడు. అందులో పదకొండోది చూసి ప్రెసిడెంటు చప్పట్లు కొట్టాడు.

"సదరు భవనమునందలి ఏ ఫ్లాటునందునూ కుక్క, పిల్లి, కోడి, కుందేలు, చిలుక వగైరా జంతు పక్షి జాతులను, తాత్కాలికముగా గానీ శాశ్వతముగా గానీ, స్వంతముగా గానీ ఇతరుల తరపున గానీ ఉంచరాదు. మొదటి పర్యాయము హెచ్చరిక. రెండవ పర్యాయము అద్దెకున్నవారైన యెడల నెల దినములలో ఖాళీ చేయవలెను; యజమానులైన యెడల సర్వసభ్య సమావేశమున నిలబడి క్షమాపణ చెప్పవలెను."

ఎవరో గాజుతొట్టిలో చేపల సంగతి అడిగారు. "జలచరములు మినహా," అని అక్కడికక్కడే చేర్చాడు. నీళ్ళు కూడా కారని షరతు.

దానికి మొదట దొరికింది 303లో అద్దెకు దిగిన షుకూరు భార్య అబీదా. చీరలకు ఫాల్సు కుట్టే మనిషి. ఆమెతో పాటు ఎర్రమచ్చల ముసలి పిల్లి ఒకటి వచ్చింది. చెంచురామయ్య షరతుల కాగితం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పళ్ళూడిపోయిందండి బాబాయ్‌గారూ. మిషను కింద పడుకుంటది, అంతే. ఎవరికీ అడ్డం రాదు."

"నీకు అడ్డం రాకపోవచ్చమ్మా. రూలు రూలే. నీకొకటీ ఇంకోళ్ళకొకటీ రాయలేదు నేను."

మర్నాడే ఆమె దాన్ని రేపల్లెలో ఉన్న అక్క ఇంటికి చేర్చి వచ్చింది. తిన్నగా 302 తలుపు తట్టింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఇంక మా ఇంట్లో పిల్లి కాలు పెట్టదు బాబాయ్‌గారూ. నా మాట." ఆయన మెచ్చుకోలుగా తలాడించి, మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ మరుసటి ఏడాది భాద్రపదంలో మూడు రోజులు ఎడతెగని వాన. రెండు ఫ్లాట్ల వంటిళ్ళ మధ్య పైపులు దిగే గాలిబావి ఉంటుంది, దాన్ని అందరూ డక్టు అంటారు. అందులోంచి సన్నగా ఏడుపు. చెంచురామయ్య టార్చి వేసి చూశాడు. కింది అంతస్తు సజ్జా మీద తడిసి ముద్దయిన పిల్లికూన. గుప్పెడంత ఉంది. బకెట్టుకు తాడు కట్టి, అందులో అన్నం ముద్ద పెట్టి దించాడు. గంటన్నర దించాడు, ఎత్తాడు. చివరికి కూన బకెట్లోకి దూకింది. బట్టతో తుడుస్తుంటే అది ఆయన బొటనవేలు పట్టుకుని చప్పరించింది.

"పదకొండో నంబరు ఏమైందండీ?" అంది సీతారావమ్మ.

"వాన తగ్గాక వదిలేద్దాంలేవే."

వాన తగ్గింది. చలి వచ్చింది. చలి వెళ్ళి ఎండలూ ముదిరాయి. కూన పిల్లి అయింది. దానికి పేరు పెట్టలేదు, పెడితే పిలవాల్సి వస్తుంది, పిలిస్తే వినబడుతుంది. టీవీ సౌండు పెంచారు. కట్టుబడి జరిగే చోటు నుంచి చేతిసంచిలో ఇసుక తెచ్చేవాడు. వాడిన ఇసుక అదే సంచిలో సాయంత్రం వాకింగుకు బయల్దేరేది. "ఏంటి సార్, రోజూ సంచితో వాకింగా?" అని వాచ్‌మన్ అడిగితే, "డాక్టరు బరువులెత్తమన్నాడయ్యా," అన్నాడు. సీతారావమ్మ చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజుల్లో ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. కర్లపాలెంలో ఉన్నప్పుడు కూడా అంత నవ్వుకోలేదు.

పిల్లికి ఈడొచ్చింది. డక్టు వైపు కిటికీ దగ్గర కూర్చుని రాగాలు తీయడం మొదలెట్టింది. నాలుగో అంతస్తువాళ్ళు ఫిర్యాదు చేశారు. ప్రెసిడెంటు, సెక్రటరీ కలిసి వెళ్ళి డక్టు దగ్గర చెవి పెట్టి విన్నారు. పిల్లి ఒకసారి అరిచింది. ప్రెసిడెంటుకు సగం చెవుడు. "ఎటు నుంచి రామయ్యగారూ?" అన్నాడు.

చెంచురామయ్యకు కాళ్ళ కింద తన ఇంటి గచ్చు తగులుతున్నట్టే ఉంది. సభలో నిలబడి క్షమాపణ చెప్పే మనిషి కళ్ళ ముందు మెదిలాడు. ఆ మనిషికి తన మొహమే ఉంది.

"పడమర," అన్నాడు.

పుస్తకంలో రాశాడు కూడా. "సదరు శబ్దము డక్టుకు పడమర దిక్కుననున్న 303 నంబరు ఫ్లాటు నుండి వచ్చుచున్నట్లు ప్రత్యక్ష విచారణలో తేలినది." అబీదాకు ఒక హెచ్చరికతో పోతుందిలే అనుకున్నాడు. తన మనసుకు ఆ మాటే చెప్పుకుని సంతకం పెట్టాడు. కానీ ప్రెసిడెంటు ఆ పుస్తకంలోనే వెనక్కి కాయితాలు తిప్పాడు. ఎర్రమచ్చల పిల్లిని పంపించిన రోజు చెంచురామయ్య చక్కని దస్తూరీతో రాసుకున్న వాక్యం అక్కడుంది: "ఇది మొదటి పర్యాయముగా నమోదు చేయడమైనది." ఇప్పుడిది రెండవ పర్యాయం. ఆ వాక్యం అలా ఎందుకు రాశాడంటే, రాయడం అలవాటు కనక. ఏ సందూ వదలకూడదు కనక.

అబీదా ఇల్లంతా తెరిచి చూపించింది. మంచాల కింద చూపించింది. "మాట ఇచ్చానండీ నేను," అని అందరి మొహాలూ చూసింది. పిల్లిని ఎక్కడో దాచి అబద్ధమాడుతోందన్నారు. చేపల వాసనన్నారు. ఇంకా ఏవేవో అన్నారు. నెల గడువులో చెంచురామయ్య చేసిన ఉపకారం ఒకటే, పది రోజులు పొడిగింపు ఇప్పించడం.

ఇదీ బుట్ట వెనకున్న కథ. ఇప్పుడు ఆదివారం చెదల మందు కొట్టేవాళ్ళు వస్తారు, కమిటీ అన్ని ఫ్లాట్లూ తెరిపించి దగ్గరుండి చూస్తుంది, ఆ సాయంత్రమే సమావేశం. ఇవాళ శనివారం.

"మా మీద కోపమొచ్చిందేమో అనుకున్నాం బాబాయ్, అసలు కనబడ్డమే మానేశారు," అంటున్నాడు షుకూరు.

"లేదు లేదు."

"మేమైతే మిమ్మల్ని ఏం అనుకోలేదండి. విన్నది విన్నట్టు రాశారు మీరు. ఆ డక్టులో చప్పుడు ఎటు తిరుగుద్దో ఎవరికెరుక? పది రోజులు ఎక్కువ ఇప్పించారు. అదెవరు చేస్తారీ రోజుల్లో?"

చెంచురామయ్య కిటికీలోంచి చూశాడు. పెనుమర్రు పొలాలు. చూడటానికి ఏమీ లేదు.

"తెనాల్లోనే ఇంకో ఇల్లు చూసుకోకపోయావా?"

"చూశానండి. ముందు పేరడుగుతారు. పేరు చెప్పాక, పాత ఇల్లెందుకు ఖాళీ చేశారంటారు. ఏం చెప్పాలి? పిల్లి లేదన్నా నమ్మరు, ఉందంటే ఇవ్వరు. కొట్టు వదులుకోలేను, అందుకని రేపల్లెలో ఉంటూ పొద్దున ఒక బండి, సాయంత్రం ఒక బండి. మా అబీదా అంటది, 'నీ కాపురం రైల్వేవాళ్ళతోనే' అని." తనే నవ్వి, మళ్ళీ నెమ్మదించాడు. "ఇల్లు పోయినందుకు కాదు బాబాయ్, దానికి మాట పోయిందని బాధ. నిద్రలో కూడా లేచి కూర్చుంటది. 'నేను అబద్ధమాడలేదు గదా' అంటది. ఎవరు ఆడావన్నారే అంటాను."

"షుకూరూ, ఆ రోజు..."

"మరమరాలూ, మసాలా మరమరాలూ!" భట్టిప్రోలులో ఎక్కినవాడు మధ్యలో దూరాడు. షుకూరు రెండు పొట్లాలు కొని ఒకటి ఆయన చేతిలో పెట్టాడు. ఆ పొట్లంతో చెంచురామయ్య నోరు కట్టేసినట్టయింది.

పల్లికోన దాటాక షుకూరే మళ్ళీ అందుకున్నాడు. "ఈ పిల్లి దారిన దొరికిందా? ఎవరికన్నా ఇవ్వడానికా?"

"ఎవరికన్నా... ఇద్దామనే."

"అయితే మా ఇంటికి రండి! వాళ్ళక్క దగ్గరున్న ముసలి పిల్లి మొన్న చలికాలం పోయింది. అక్కడ ఇల్లుగలాయనకి రూళ్ళు గీళ్ళు లేవు. అబీదా కళ్ళకద్దుకుంటది."

అంత తేలిగ్గా వదిలిపోతుందా ఇది? బుట్ట చేతులు మారుతుంది, పిల్లికి మంచి ఇల్లు, సీతారావమ్మకు మనశ్శాంతి, రేపు 302 తలుపులు బార్లా తెరవొచ్చు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. రేపల్లె స్టేషన్లో దిగేటప్పుడు బుట్ట తేలికైనట్టు కూడా అనిపించింది.

స్టేషనుకు నాలుగు వీధుల అవతల రెండు గదుల ఇల్లు. అబీదా గుమ్మంలో మిషను ముందు కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేచింది. ముసుగు సర్దుకుంది.

"రండి బాబాయ్‌గారూ. పిన్నిగారు బాగున్నారా? మోకాళ్ళ నొప్పి తగ్గిందా?"

"ఎవర్నో తెచ్చారు చూడు," అన్నాడు షుకూరు.

ఆమె పురికొస విప్పుతుండగానే పిల్లి అరిచింది. సన్నగా మొదలై చివర్లో విరిగే గొంతు. అబీదా చెయ్యి ఆగింది. తుండుగుడ్డ తీసి, దాన్ని ఎత్తుకుని, కొంతసేపు చెవి దగ్గర పెట్టుకుంది. పిల్లి ఆమె భుజం మీద పాకింది. గిన్నెలో పాలు పోసి నేల మీద పెట్టింది. అది తాగుతున్నంతసేపూ పక్కనే గొంతుక్కూర్చుంది. తల ఎత్తకుండా అడిగింది.

"దీన్ని ఎక్కడ పట్టారు బాబాయ్‌గారూ?"

అబద్ధం చెప్పడానికి సందు ఉంది. ఆమే వదిలింది. చెంచురామయ్య గుమ్మానికి చెయ్యి ఆనించాడు.

"మా ఇంట్లోదమ్మా. వానలో తడుస్తుంటే డక్టులోంచి తీశాను. అరిచింది ఇదే. మా వంటింట్లోంచి అరిచింది. నాకు తెలిసే పడమరని చెప్పాను. తెలిసే రాశాను. రేపు ఇళ్ళన్నీ తెరిపించి చూస్తారు, సాయంత్రం మీటింగు, అందుకే దీన్ని వదిలెయ్యబోయాను."

షుకూరు మరమరాల పొట్లం కింద పెట్టాడు. "ఏంటి బాబాయ్ మీరనేది?"

"నాకు తెలుసు," అంది అబీదా.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"తెల్లారుజామున కుట్టుకుంటుంటే రోజూ వినపడేదండి, మీ గోడ నించి. కానీ మీరు పడమరని రాశారు. ఊరంతా మీ హద్దు తప్పదంటారు. అంత పెద్దాయన రాస్తే, నా చెవులే తప్పేమో అనుకున్నాను. మా ఇంట్లోనే ఏ మూలో ఉందేమో అని రాత్రుళ్ళు వెతికేదాన్ని. లేని పిల్లిని వెతుక్కున్నానండి నేను."

చెంచురామయ్యకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననుకున్నాడు. "నన్ను తిట్టమ్మా. షుకూరూ, నువ్వన్నా తిట్టరా."

"తిడితే ఏమొస్తదండి?" షుకూరు గొంతు మారింది. 'బాబాయ్' పోయింది.

"తప్పయిపోయిందమ్మా. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఈ పిల్లి నీ దగ్గరే ఉండనీ. నువ్వయితే దాన్ని..."

అబీదా లేచింది. పాలు తాగిన పిల్లి మూతి తన కొంగుతో తుడిచింది. రెండు చేతులా ఎత్తి, ఒక్క క్షణం గుండెకు అదుముకుని, బుట్టలో పెట్టింది. అది ఆమె జాకెట్టు చేతిని గోళ్ళతో పట్టుకుంది. ఒక్కో గోరూ విడిపించింది. తుండుగుడ్డ కప్పి, పురికొస తనే చుట్టింది. గోంగూర కట్టలు పక్కన పెట్టి మళ్ళీ తీసి బుట్ట మీదే పెట్టింది. అవి కూడా ఉంచుకోలేదు.

"దీన్ని నేను తీసుకుంటే రేపు మీ ఇంట్లో పిల్లి ఉండదు," అంది. "అప్పుడింక నాదే అయిపోతది ఆ పిల్లి. అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే."

"అబీదమ్మా..."

"ఇప్పుడు చెప్పింది నాకెందుకండి? నాకు ముందే తెలుసుగా. తెలియనిది వాళ్ళకి. రేపు మీటింగన్నారు. దీన్ని చేతిలో పట్టుకుని చెప్పండి, ఎవరింట్లోదో."

"ఆ సభలో... ఇరవై ఇళ్ళవాళ్ళ ముందు... ఈ వయసులో..."

అబీదా వెళ్ళి మిషను ముందు కూర్చుంది. సగంలో ఆపిన చీర అంచు సూది కిందికి తోసింది. మిషను కదిలింది. కుట్టు తిన్నగా పోతోంది.

షుకూరు గోడ గడియారం వైపు చూసి, ఎవరికీ చెప్పనట్టు, "ఆరున్నరకు తెనాలి బండి," అన్నాడు.

అంతమాట అన్నావా అని అడిగే హక్కు చెంచురామయ్యకు లేదు. తప్పకుండా చెబుతానమ్మా అని మాటిచ్చే మొహమూ లేదు. తన మాటకు ఆ ఇంట్లో విలువెంతో ఇప్పుడే తెలిసింది. వంగి బుట్ట ఎత్తుకున్నాడు. వచ్చేటప్పటి కంటే బరువుగా ఉంది, పాలు తాగింది కదా. లోపలి ప్రాణి ఒకసారి అటూ ఇటూ తిరిగి, ఆయన చేతి వైపు ఒళ్ళు ఆన్చి పడుకుంది. ఆ వెచ్చదనం వైరల్లిక లోంచి వేళ్ళకు తగిలింది.

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. మిషను చప్పుడు ఆగలేదు. వెళ్ళొస్తానని అనకుండానే మెట్టు దిగి, స్టేషను వైపు నడిచాడు.